చెడ్డ కబురు పైదాకా వచ్చే దారి

(పనిచేసే చోట ప్రాణాలు పోగొట్టుకున్న కార్మికుల సంస్మరణ దినం ఏప్రిల్ 28. ఆ సందర్భంగా ఆల్కోవా కంపెనీ పూర్వ అధిపతి పాల్ ఓనీల్ గురించి చేసిన స్మారకోపన్యాసం పాఠం)

1987 అక్టోబరు. న్యూయార్క్ మన్‌హట్టన్‌లో ఒక పెద్ద హోటలు హాలు. అమెరికాలోకెల్లా పెద్ద అల్యూమినియం కంపెనీ ఆల్కోవాకు కొత్త అధిపతి వచ్చాడు. ఆయన ఏం చెబుతాడో విందామని షేర్ల మార్కెట్ పెద్దలూ, ఎనలిస్టులూ కుర్చీలు నింపేశారు. ఇలాంటి సభల్లో కొత్త ఛైర్మన్ ఏం మాట్లాడతాడో వాళ్ళకు కంఠతా వచ్చు. ముందు ఒకటి రెండు చెణుకులు, తర్వాత ఖర్చుల తగ్గింపు, లాభాల పెంపు, చివర్లో పన్నుల మీద నాలుగు విసుర్లు.

పాల్ ఓనీల్ వీటిలో ఒక్కటీ ఎత్తలేదు. కార్మికుల భద్రత గురించి మాట్లాడతానన్నారు. ఏటా ఎంతోమంది ఆల్కోవా కార్మికులు గాయాలపాలై పనికి రాలేకపోతున్నారనీ, తన కంపెనీలో గాయాల సంఖ్యను సున్నాకు తేవడమే తన లక్ష్యమనీ చెప్పారు. హాల్లో నిప్పు అంటుకుంటే ఏ తలుపులోంచి బయటికి పోవాలో చేత్తో చూపించారు. వింటున్నవాళ్ళకు మతిపోయింది. ఎవరో చెయ్యెత్తి సరుకు నిల్వల గురించి అడిగారు. ఇంకొకరు పెట్టుబడి నిష్పత్తుల గురించి అడిగారు. ఆల్కోవా ఎలా నడుస్తోందో తెలుసుకోవాలంటే భద్రత లెక్కలు చూడమని ఆయన జవాబు.

సభ ముగిసిందో లేదో ఫోన్ల దగ్గర తోపులాట మొదలైంది. ఈ కంపెనీని పిచ్చివాడి చేతిలో పెట్టారు, షేర్లు వెంటనే అమ్మేయండని ఒక సలహాదారు తన ఖాతాదారులకు చెప్పాడు. తన వృత్తి జీవితం మొత్తంలో అంతకంటే చెడ్డ సలహా ఇవ్వలేదని అదే మనిషి తర్వాత ఒప్పుకున్నాడు. ఈ సంగతి పాత్రికేయుడు ఛార్లెస్ డుహిగ్ 2012లో అలవాట్ల గురించి రాసిన పుస్తకంలో నమోదయింది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2003 నుంచి ఏప్రిల్ 28ని పనిచోట భద్రత, ఆరోగ్య దినంగా పాటిస్తోంది. కార్మిక సంఘాలు అంతకు చాలా ముందునుంచే ఆ రోజున చనిపోయినవాళ్ళ పేర్లు చదువుతూ వస్తున్నాయి. ఇలాంటి రోజున కంపెనీ అధిపతి కుర్చీలో కూర్చున్న మనిషిని తలుచుకోవడం కొందరికి ఎబ్బెట్టుగా తోచవచ్చు. అందులో న్యాయం ఉంది. అయినా ఓనీల్ గురించి మాట్లాడటానికి బలమైన కారణం ఉంది. ఫ్యాక్టరీలో ఒక మనిషికి దెబ్బ తగిలితే ఆ కబురు ఎంత పైకి వెళ్తుంది, ఎవరి బల్ల దగ్గర ఆగిపోతుంది, ఎందుకు ఆగిపోతుంది? ఈ ప్రశ్నను ఆయన పట్టుకున్నంత గట్టిగా ఆయన తరంలో మరో పెద్ద కంపెనీ అధిపతి పట్టుకోలేదని ఈ వక్త నమ్మకం.

పాల్ హెన్రీ ఓనీల్ 1935 డిసెంబరు 4న మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్‌లో పుట్టారు. తండ్రి సైన్యంలో సార్జెంటు. బదిలీల కుటుంబం. అలా తిరిగి తిరిగి అలాస్కా చేరారు. పాల్ హైస్కూలు చదువు ఆంకరేజ్‌లో పూర్తయింది. తర్వాత భార్య అయిన నాన్సీతో పరిచయం కూడా అక్కడే. 1955లో పెళ్ళి. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో స్టేట్ కాలేజీలో 1960లో ఆర్థికశాస్త్రం డిగ్రీ పుచ్చుకున్నారు. పేరుమోసిన విశ్వవిద్యాలయాల ముద్ర ఆయన మీద లేదు.

1961లో మాజీ సైనికుల సంక్షేమం చూసే ప్రభుత్వ శాఖలో చేరారు. కంప్యూటర్ వ్యవస్థల విశ్లేషణ ఆయన పని. కంప్యూటరంటే గది నిండా పరుచుకున్న యంత్రం అనుకునే రోజులవి. మధ్యలో ఇండియానా విశ్వవిద్యాలయంలో ప్రభుత్వ పాలన చదివి 1966లో పట్టా తీసుకున్నారు. మరుసటి ఏడాది వైట్‌హౌస్ బడ్జెట్ కార్యాలయంలో అడుగుపెట్టి, ఫోర్డ్ అధ్యక్షుడుగా ఉండగా అక్కడ రెండో స్థానందాకా ఎదిగారు. తర్వాత ఉపాధ్యక్షుడైన డిక్ చేనీతోనూ, కేంద్ర బ్యాంకు అధిపతి అయిన అలన్ గ్రీన్‌స్పాన్‌తోనూ స్నేహం అప్పటిదే. చివరికి ఆయన్ను మంత్రిని చేసిందీ, కొంతవరకు ముంచిందీ ఆ పాత స్నేహాలే.

ఆ ప్రభుత్వ ఉద్యోగంలో ఆయనకు అబ్బిన గుణం ఒకటుంది. ఏ సమస్యకైనా మూలం దొరికేదాకా తవ్వడం. అంత సంపన్న దేశంలో పసిపిల్లలు ఎందుకు చనిపోతున్నారన్న ప్రశ్నకు జవాబు వెతికిన తీరును డుహిగ్ వర్ణిస్తాడు. నెలలు నిండకుండా పుట్టడం వల్ల చనిపోతున్నారు. నెలలు ఎందుకు నిండటం లేదు? తల్లులకు సరైన తిండి లేక. తిండి ఎందుకు సరిగా లేదు? చదువుకునే వయసులో పోషకాహారం గురించి వాళ్ళకెవరూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? చెప్పాల్సిన టీచర్లకే జీవశాస్త్రం సరిగా రాదు. ఆస్పత్రిలో మొదలైన ప్రశ్న టీచర్ల శిక్షణ కళాశాలలో తేలింది. ఇరవై ఏళ్ళ తర్వాత ఫ్యాక్టరీలో ఆయన అడిగిన ప్రశ్నల తీరు కూడా సరిగ్గా ఇదే.

1977లో ప్రభుత్వం మారాక ఇంటర్నేషనల్ పేపర్ అనే కాగితం కంపెనీకి వెళ్ళారు. 1985కు దానికి ప్రెసిడెంటయ్యారు. అక్కడినుంచి 1987లో ఆల్కోవాకు.

ఆల్కోవా చిన్నాచితకా కంపెనీ కాదు. విద్యుత్తుతో అల్యూమినియం తీసే చవకైన పద్ధతిని 1886లో ఛార్లెస్ మార్టిన్ హాల్ కనిపెట్టాడు. దాని ఆధారంగా 1888లో పిట్స్‌బర్గ్‌లో పుట్టిన సంస్థ ఇది. ఆ పద్ధతే నేటికీ నడుస్తోంది. సుమారు 960 డిగ్రీల వేడిలో కరిగిన లవణంలో అల్యూమినాను కరిగించి, అందులోకి కరెంటు పంపితే అడుగున ద్రవలోహం చేరుతుంది. ఆ లోహం చూడటానికి పాదరసంలా నిగనిగలాడుతుంది. దానిలోకి తడి చేరితే పేలుతుంది. తడి ఆరని తుక్కు ముక్క ఒకటి కొలిమిలో పడినా చాలు. అక్కడినుంచి దిమ్మెలు, దిమ్మెలనుంచి రేకులు, కడ్డీలు, గొట్టాలు. ప్రతి మెట్టులోనూ తిరిగే రోలర్లు, కత్తెర యంత్రాలు, క్రేన్లు, వందల టన్నుల ఒత్తిడితో నొక్కే ప్రెస్సులు. ఇలాంటి చోట గాయాల సంఖ్య సున్నా చేస్తాననడం మాటలు కాదు.

నిజానికి ఆ రోజుల్లోనే ఆల్కోవా రికార్డు మెరుగైనది. ఏడాదికి ప్రతి 100 మంది కార్మికులకు 1.86 గాయాల వల్ల పనిదినాలు పోయేవి. అమెరికా సగటు దాదాపు 5. మనం బాగానే ఉన్నాం కదా అన్నది కంపెనీలో అందరి ధీమా. ఓనీల్‌కు ఆ ధీమాయే నచ్చలేదు. లక్ష్యం సున్నా కాక మరేదైనా అయితే, మిగిలిన ఆ కొద్దిమంది ఎవరో ముందే ఒప్పుకున్నట్టే కదా అన్నది ఆయన వాదం. ఏ ఫోర్‌మన్ అయినా తన షిఫ్టులోంచి ఆ మనిషిని ఎంచి చూపించగలడా?

ఆయన చేసిన మొదటి పనుల్లో ఒకటి చూడటానికి చాలా చిన్నది. ఫ్యాక్టరీలకు వెళ్ళి మేనేజర్లకు ఒక మాట చెప్పేవారు. ప్రమాదకరంగా ఉన్నది ఏదైనా కనపడితే బాగుచేయించండి, బడ్జెట్ వచ్చేదాకా ఆగవద్దు. తర్వాత అదే ఫ్యాక్టరీలో కార్మికులను కలిసి, మీ మేనేజర్లకు నేనిలా చెప్పాను, వాళ్ళు చెయ్యకపోతే నాకు ఫోన్ చెయ్యండని తన ఇంటి నంబరు ఇచ్చేవారు. ఫోన్లు వచ్చాయి. కన్వేయర్ చెడిపోయిందనీ, బరువులు చేత్తో ఎత్తుతున్నామనీ చెప్పారు. ఆయన ఆ ఫ్యాక్టరీ మేనేజర్‌కు ఫోన్ చేసేవారు. ఒకటి రెండుసార్లు అలా జరిగాక మేనేజర్లకు అర్థమైంది, ఈ మనిషి చెప్పింది గోడమీద రాసే నినాదం కాదని.

ఆయన పగ్గాలు పట్టిన ఆరు నెలలకు నడిరాత్రి ఫోన్ మోగింది. అరిజోనా ఫ్యాక్టరీలో ఒక కుర్రాడు చనిపోయాడు.

ఆ ప్రమాదాన్ని ఓనీల్ తర్వాత ఎన్నో ఉపన్యాసాల్లో చెప్పారు. అల్యూమినియాన్ని అచ్చులోంచి నొక్కి కడ్డీలుగా లాగే ఎక్స్‌ట్రూషన్ ప్రెస్ అది. దాని ఊగే చేయి ఆరడుగుల పొడవు. ఒక లోహపు ముక్క దానికి అడ్డం పడి యంత్రం ఆగింది. కుర్రాడి వయసు 18. కొన్ని వారాల క్రితమే చేరాడు. భార్య గర్భిణి. ప్రెస్ చుట్టూ ఉన్న రక్షణ గోడ దూకి, గుంతలో దిగి, ఇరుక్కున్న ముక్కను లాగేశాడు. అడ్డు తొలగిన మరుక్షణం యంత్రం కదిలింది. చేయి తిరిగొచ్చి తలకు తగిలింది.

మర్నాడు ఓనీల్ పెద్ద అధికారులందరినీ పిట్స్‌బర్గ్‌కు పిలిపించారు. వాళ్ళు ప్రమాదం వీడియోను మళ్ళీ మళ్ళీ చూశారు. బొమ్మలు గీశారు. ఎవరు ఎక్కడ నిలబడ్డారో గుర్తులు పెట్టారు. ఫ్యాక్టరీల్లో చావు జరిగినప్పుడు మామూలుగా వినపడే మాటలు మనందరికీ తెలుసు. దూకొద్దని తెలిసీ దూకాడు, తప్పు వాడిదే. టైము బాగోలేదు, ఏం చేస్తాం. రాసిపెట్టి ఉంది. ఆ గదిలో కూడా మొదట అలాంటి మాటలే నాలుకల మీద ఉండి ఉంటాయి. కానీ వీడియోలో కనిపించింది వేరు. అతను గోడ దూకుతుంటే ఇద్దరు మేనేజర్లు చూశారు, ఆపలేదు. యంత్రం ఆగితే సొంతంగా బాగుచేయవద్దని, ముందు పైవాళ్ళను పిలవాలని శిక్షణలో గట్టిగా చెప్పలేదు. గుంతలోకి మనిషి దిగితే యంత్రాన్ని ఆపేసే సెన్సర్ లేదు. ఉత్పత్తి ఆగకూడదన్న తొందర ఆ కుర్రాడికి ఎక్కడినుంచి వచ్చింది? నేర్పింది కంపెనీయే.

ఈ చావుకు కారణం నేను, నా నాయకత్వ వైఫల్యం, ఈ గొలుసులో ఉన్న మీ అందరి వైఫల్యం అని ఓనీల్ వాళ్ళ మొహం మీదే అన్నారు. మనమే ఇతన్ని చంపామన్నారు. న్యాయవాదులు దగ్గరుండే అమెరికా కంపెనీలో ఒక అధిపతి ఆ మాట అనడం మామూలు విషయం కాదు. వారం తిరగకుండా ఆల్కోవా ఫ్యాక్టరీలన్నిట్లో రక్షణ రెయిలింగులకు కొట్టొచ్చినట్టు కనపడే పసుపు రంగు వేశారు. కొత్త నిబంధనలు రాశారు. ప్రమాదాలు తప్పించే ఆలోచన ఏదైనా ఉంటే జంకు లేకుండా చెప్పమని కార్మికులందరినీ అడిగారు.

దాని వెనక ఒక ఏర్పాటు ఉంది. ఎక్కడ ఎవరికి దెబ్బ తగిలినా 24 గంటల్లో ఆ విభాగం అధ్యక్షుడు ఓనీల్‌కు చెప్పాలి. మళ్ళీ అలా జరక్కుండా ఏం చేస్తున్నాడో కూడా చెప్పాలి. ఈ ఒక్క నియమం కంపెనీ వెన్నుపూసను తిప్పేసింది. 24 గంటల్లో ఛైర్మన్‌కు చెప్పాలంటే విభాగాధిపతికి అంతకుముందే తెలియాలి. ఆయనకు తెలియాలంటే ఫ్యాక్టరీ మేనేజర్ చెప్పాలి. మేనేజర్‌కు షిఫ్టు ఫోర్‌మన్ చెప్పాలి. ఫోర్‌మన్‌కు కార్మికుడు చెప్పాలి, అదీ భయం లేకుండా చెప్పాలి. మామూలుగా ఏ సంస్థలోనైనా మంచి కబురు లిఫ్టులో పైకి వెళ్తుంది, చెడ్డ కబురు మెట్లెక్కుతూ ప్రతి అంతస్తులోనూ కాస్త కాస్త చిక్కిపోతుంది. ఆల్కోవాలో చెడ్డ కబురు కోసం ప్రత్యేకంగా దారి వేశారు. దేశదేశాల్లో ఉన్న ఫ్యాక్టరీల గాయాల సమాచారం అందరికీ కనిపించేలా కంప్యూటర్లలో పెట్టారు. చాలా కంపెనీల్లో ఈమెయిల్ మాట కూడా వినపడని కాలంలో, ఒక దేశంలో జరిగిన ప్రమాదం నుంచి మరో దేశంలోని ఫోర్‌మన్ పాఠం నేర్చుకునే వీలు కలిగింది.

ఆ దారి పడ్డాక దానిమీద ఇతర సంగతులు కూడా నడిచి వచ్చాయి. ఇళ్ళ గోడలకు తొడిగే అల్యూమినియం పలకలకు రంగులు వేసే ఫ్యాక్టరీలో కింది స్థాయి ఉద్యోగి ఒకాయనకు ఒక ఆలోచన ఉండేది. రంగులు వేసే యంత్రాలన్నిటినీ ఒకచోట చేరిస్తే, గిరాకీ ఏ రంగువైపు మళ్ళితే ఆ రంగుకు చకచకా మారవచ్చు. ఇది ఆయన మనసులో పదేళ్ళుగా ఉంది. ఎవరూ అడగలేదు కనుక ఎవరికీ చెప్పలేదు. భద్రత గురించి ఇంతగా అడుగుతున్నారు కదా, ఇదీ చెబుదామని చెప్పాడట. ఏడాది తిరక్కుండా ఆ సరుకు మీద లాభం రెట్టింపయింది. డుహిగ్ చెప్పే ఈ ఉదంతంలో లాభం కంటే ఆ పదేళ్ళే మనసును పట్టుకుంటాయి. పదేళ్ళపాటు ఒక మనిషి తన పనిని అంత బాగా అర్థం చేసుకుని, నోరు మెదపకుండా షిఫ్టు ముగించి ఇంటికి వెళ్ళిపోయాడు.

డబ్బు లెక్కలూ చూద్దాం. 1986లో ఆల్కోవా మార్కెట్ విలువ సుమారు 300 కోట్ల డాలర్లు. ఓనీల్ వెళ్ళిపోయిన 2000 చివరికి అది 2,750 కోట్లు దాటింది. ఏటా నికరలాభం 20 కోట్ల డాలర్ల నుంచి 148 కోట్లకు పెరిగింది. ప్రతి 100 మందికి 1.86గా ఉన్న గాయాల లెక్క 0.2కు దిగింది. మేనేజ్‌మెంట్ పాఠశాలలు ఈ అంకెలను పక్కపక్కన పెట్టి, భద్రత వల్ల లాభం వస్తుందని పాఠం చెబుతాయి. ఓనీల్ ఈ పాఠానికి ఎదురుతిరిగారు. భద్రత వల్ల ఎంత మిగిలిందో లెక్కగడతామని ఫైనాన్స్ విభాగంవాళ్ళు వస్తే, ఆ లెక్క వేయవద్దని గట్టిగా చెప్పారు. డబ్బు మిగులుతుంది కనుక మనుషుల్ని కాపాడుతున్నాం అన్న మాట ఒక్కసారి కార్మికుడి చెవిన పడితే, రేపు డబ్బు మిగలని రోజున తన గతేమిటో అతనికి వెంటనే అర్థమవుతుంది. ఈ పట్టుదలలోనే ఓనీల్ గొప్పతనమంతా ఉందనిపిస్తుంది.

ఆయన్ను దేవుణ్ణి చేయనక్కర్లేదు. సోవియట్ యూనియన్ కూలాక రష్యా అల్యూమినియం ప్రపంచ మార్కెట్‌ను ముంచెత్తి ధరలు పడిపోయాయి. ఉత్పత్తిదారు దేశాలన్నీ ఉత్పత్తి తగ్గించుకోవాలన్న 1994 నాటి ఒప్పందం వెనక ఓనీల్ చొరవ చాలా ఉంది. ఇది కార్టెల్ తప్ప మరొకటి కాదని ఆనాడు క్లింటన్ ఆర్థిక సలహా మండలిలో ఉన్న జోసెఫ్ స్టిగ్లిట్జ్ వ్యతిరేకించారు, తర్వాత తన పుస్తకంలోనూ ఏకిపారేశారు. కాబట్టి ఆ లాభాలన్నిటినీ పసుపు రెయిలింగుల ఖాతాలో రాయలేం. టెక్సస్‌లోని రాక్‌డేల్ ఫ్యాక్టరీ పాత చట్టాల మినహాయింపు చాటున పొగ వదులుతోందని చుట్టుపక్కల జనం ఏళ్ళ తరబడి పోరాడారు. ఫ్యాక్టరీ లోపలి మనిషి ఊపిరి విషయంలో ఆయనకు ఉన్నంత పట్టింపు, ప్రహరీ బయట ఉన్న ఊపిరి విషయంలో కనిపించదు.

మెక్సికో కథ ఇంకా చిక్కు. సరిహద్దు పట్టణం సియుదాద్ అకూన్యాలో ఆల్కోవా అనుబంధ ఫ్యాక్టరీ కార్లకు వైర్లు కట్టేది. అక్కడ వాయువుల వల్ల కార్మికులు స్పృహ తప్పి ఆస్పత్రి పాలయ్యారు. 1996లో పిట్స్‌బర్గ్ వాటాదారుల సభలో టెక్సస్ నుంచి వచ్చిన ఒక బెనెడిక్టైన్ సన్యాసిని లేచి, అక్కడి పరిస్థితులు మీరు చెప్పుకుంటున్నట్టు లేవని నిలదీశారు. ఓనీల్ మొదట తన ఫ్యాక్టరీలను వెనకేసుకొచ్చారు. ఆయన దగ్గరున్న లెక్కలు బాగున్నాయి మరి. కానీ అంతటితో వదలలేదు, మనుషుల్ని పంపి విచారించారు. ఆ ఘటన నిజం. అక్కడి కంపెనీ అధికారులు గాలి వచ్చే ఏర్పాట్లు బాగుచేశారు కూడా. అయితే ఆ కబురును పిట్స్‌బర్గ్‌కు చెప్పలేదు, కడుపులో దాచుకున్నారు.

ఆ విభాగం అధిపతి కంపెనీలో మంచి పేరున్నవాడు, వ్యాపారాన్ని ఎంతో పెంచినవాడు. ఓనీల్ ఆయన్ను ఉద్యోగంలోంచి తీసేశారు, ఆ సంగతి కంపెనీ అంతటికీ తెలియజేశారు. ప్రమాదం జరిగినందుకు ఈ శిక్ష పడలేదు, చెప్పనందుకు పడింది. తనదాకా వచ్చే దారిలో ఎవరో గోడ కట్టారు, ఆ గోడ సంగతి ఒక బయటి మనిషి చెబితేగాని తనకు తెలియలేదు. ఓనీల్‌ను ఎక్కువగా పొడిచింది ఇదే అయి ఉండాలి. అకూన్యాలో కూలీ రేట్ల గురించి కార్మికులు అడిగిన ప్రశ్నలు మాత్రం ఆ చర్యతో తీరలేదు.

ఈ మధ్యలోనే కంపెనీ కార్యాలయాన్ని మార్చారు. 1953లో అల్యూమినియం పలకలతో కట్టిన 31 అంతస్తుల భవనం పిట్స్‌బర్గ్‌కు ఒక గుర్తు. 1998లో దాన్ని వదిలి, అలెగెనీ నది అవతలి ఒడ్డున ఆరంతస్తుల భవనానికి వెళ్ళారు. అందులో తలుపులున్న పెద్ద గదులు లేవు. ఛైర్మన్‌తో సహా అందరికీ ఒకే కొలత స్థలం. ముప్పై ఒకటో అంతస్తుకు కబురు చేరడం కష్టమని ఆయనకు అనుభవం మీద తెలిసి ఉంటుంది.

ఆల్కోవాలో ఉండగానే 1997లో పిట్స్‌బర్గ్ ప్రాంతం ఆస్పత్రులతో కలిసి మరో పని మొదలుపెట్టారు. కారెన్ వోక్ ఫైన్‌స్టీన్‌తో కలిసి స్థాపించిన ప్రాంతీయ ఆరోగ్య సంస్థ అది. ఆస్పత్రి కూడా పనిచోటే, అక్కడ జరిగే ప్రతి పొరపాటునూ అరిజోనా చావును చూసినట్టే చూడాలన్నది ఆయన వాదం. అలెగెనీ జనరల్ ఆస్పత్రిలో డాక్టర్ రిచర్డ్ షానన్ ఈ మాటను మనసుకు పట్టించుకున్నారు. ఐసీయూలో రోగి మెడలోని పెద్ద రక్తనాళంలోకి గొట్టం వేస్తారు, దాన్ని సెంట్రల్ లైన్ అంటారు. దాని ద్వారా ఇన్ఫెక్షన్ రావడం మామూలే అని అంతా అనుకునేవారు. షానన్ బృందం పాత రికార్డులు తీసి చూస్తే ఒక్క ఏడాదిలో 37 మంది రోగులకు 49 సార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది. వాళ్ళలో 19 మంది చనిపోయారు.

సగటుగా, వెయ్యి రోజులకు ఇన్ని అని రాసుకున్నప్పుడు ఆ అంకె చిన్నగా కనిపించేది. మనుషులుగా లెక్కపెట్టేసరికి డాక్టర్లకే దిగ్భ్రమ కలిగింది. ఆ తర్వాత ప్రతి ఇన్ఫెక్షన్‌నూ అది బయటపడిన రోజే, ఆ మంచం దగ్గరే నిలబడి విచారించారు. గొట్టం ఎవరు వేశారు, ఎక్కడ వేశారు, కట్టు ఎప్పుడు మార్చారు? మరుసటి ఏడాది ఇన్ఫెక్షన్లు 6, మరణం ఒకటి.

2001 జనవరిలో ఓనీల్ అమెరికా ఆర్థికమంత్రి అయ్యారు. ఇక్కడ కథ తిరగబడింది. మొదట ఆల్కోవా షేర్లు అమ్మడానికి ఒప్పుకోలేదు, వాటి విలువ పది కోట్ల డాలర్ల దాకా ఉండేది. విమర్శలు వచ్చాకే అమ్మారు. మనసులో మాట దాచుకోవడం చేతకాదు కనుక ఆయన నోరు తెరిచినప్పుడల్లా మార్కెట్లు ఉలిక్కిపడేవి. ఆర్థికశాఖ ఉద్యోగుల గాయాల లెక్క అడిగితే అధికారులు వింతగా చూశారు. కాగితాల శాఖలో గాయాలేమిటని వాళ్ళ ఆశ్చర్యం. కానీ నాణేలు ముద్రించే టంకశాలలు కూడా ఆ శాఖ కిందివే. 2002 మేలో రాక్ గాయకుడు బోనోతో కలిసి ఘనా, దక్షిణాఫ్రికా, ఉగాండా, ఇథియోపియా తిరిగారు. ఉగాండాలో బావులు తవ్వడానికి ఎంత ఖర్చవుతుందో అక్కడికక్కడే లెక్కలు వేసుకున్నారు.

పన్నుల్లో మరో కోత పెడితే లోటు పెరుగుతుందని 2002 చివర్లో ఆయన వ్యతిరేకించారు. ఆ చెడ్డ కబురు వినడానికి పైన ఎవరూ సిద్ధంగా లేరు. పాత మిత్రుడు చేనీ ఫోన్ చేసి రాజీనామా చేయమన్నారు. డిసెంబరు 6న రాజీనామా ప్రకటన వెలువడింది. తన హయాంలోని దాదాపు 19,000 కాగితాలను ఆయన రాన్ సస్‌కిండ్ అనే పాత్రికేయుడికి ఇచ్చారు. వాటి ఆధారంగా 2004లో వచ్చిన పుస్తకం వాషింగ్టన్‌ను కుదిపేసింది. సద్దాం హుస్సేన్‌ను తొలగించే ఆలోచన 2001 జనవరిలో జరిగిన మొదటి జాతీయ భద్రతా మండలి సమావేశంలోనే వచ్చిందని అందులో ఓనీల్ చెప్పారు. కింది మనిషి నిజం చెప్పే దారి వేసిన వాడు, తానే కింది మనిషి అయ్యేసరికి ఆ దారి మూసి ఉంది.

ఆల్కోవా 2016లో రెండుగా చీలింది. అందులో ఒక భాగం ఆర్కానిక్. దాని ఫ్రెంచి అనుబంధ సంస్థ తయారుచేసిన గోడ పలకలనే లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌కు తొడిగారు. 2017 జూన్ 14న ఆ 24 అంతస్తుల భవనం అంటుకుని 72 మంది చనిపోయారు. ఆ పలకలు ఎంత త్వరగా మండుతాయో తెలిసీ ఆ సంస్థ 2005 నుంచి కావాలనే మార్కెట్‌కు చెప్పకుండా దాచిందని 2024 సెప్టెంబరులో విచారణ సంఘం తేల్చింది. ఓనీల్ అప్పటికి ఎప్పుడో వెళ్ళిపోయారు, ఆ పాపం ఆయనది కాదు. కానీ అది ఆయన పదమూడేళ్ళు నడిపిన కంపెనీ కుదురునుంచి వచ్చిన సంస్థే. వేళ్ళు తెగకుండా చూసుకున్న కంపెనీ, తాను అమ్మిన సరుకు నిప్పంటుకుంటుందన్న కబురును ఇంకో అలమరలో పెట్టి తాళం వేసింది. ఒక అధిపతి వేసిన దారి ఆయన తర్వాత ఎన్నాళ్ళు తెరిచి ఉంటుందన్న అనుమానం ఇక్కడే పుడుతుంది.

ఓనీల్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 2020 ఏప్రిల్ 18న పిట్స్‌బర్గ్‌లో కన్నుమూశారు. వయసు 84.

పంతొమ్మిది రోజుల తర్వాత, మే 7 తెల్లవారుజామున, విశాఖపట్నం వెంకటాపురంలో ఒక పాలిమర్ల కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి ఊరిమీదికి వచ్చింది. లాక్‌డౌన్‌తో వారాల తరబడి పని ఆగి ఉన్న ఫ్యాక్టరీ అది. 12 మంది చనిపోయారు, వందలమంది ఆస్పత్రుల్లో చేరారు. తర్వాత వేసిన ఉన్నతస్థాయి కమిటీ నివేదిక చదివితే పిట్స్‌బర్గ్ గదిలో ఆ వీడియో చూస్తున్నట్టే ఉంటుంది. ట్యాంకులో ఉష్ణోగ్రత అడుగుభాగంలో మాత్రమే కొలిచేవారు. పైభాగం ఎంత వేడెక్కిందో తెలిపే సాధనం లేదు. ఫ్యాక్టరీలో సైరన్ మోగించే మీటలు 36 చోట్ల ఉన్నాయి. ఆ రాత్రి ఒక్కటీ నొక్కలేదు. నిద్రలో ఉన్న ఊరికి కబురు తెలిపింది కళ్ళ మంట, ఘాటు వాసన. తలుపులు తీసుకుని, పిల్లల్ని భుజాన వేసుకుని, చీకట్లో ఎటు పరుగెత్తాలో తెలియక జనం పరుగెత్తారు.